తూచని పంట

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చే పిల్లలు, అంటే ఎమ్మెస్ చదివేవాళ్ళు, కొత్తగా హెచ్‌1బి చేతికొచ్చినవాళ్ళు, కంచం పట్టుకుని కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆంటీ, మీరు అసలు ఏం జాబ్ చేసేవారు?" పరిశోధనలకు నిధులిచ్చే ఆఫీసులో పనిచేశానంటే, "ఓ, డబ్బులు పంచే జాబా! సూపర్ ఆంటీ" అంటారు. పంచడం ఆ ఉద్యోగంలో చిన్న భాగం నాయనా. అడిగినవాళ్ళలో ఎక్కువమందికి లేదని చెప్పడం, ఆ లేదనే ముక్కను వాళ్ళ మనసు నొచ్చుకోకుండా పేజీలకు పేజీలు రాయడం, అదీ అసలు పని. ఆ విద్యలో నేను ఆరితేరాను. ఇంట్లో మా ఆయన నన్ను ఏదైనా అడగాలంటే జంకేవాడు, మర్యాదగా పొడుగాటి జవాబు వస్తుందని.

మీరు వదలకుండా అడుగుతున్నారు కాబట్టి ఒక ప్రయాణం గురించి రాస్తాను. ఇందులో నా ఘనకార్యం ఏమీ లేదు. అసలు తీర్పు జరిగిన రోజున నేను వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను.

మా ఆఫీసు నార్తర్న్ వర్జీనియాలో, మా ఇల్లు హెర్న్‌డన్‌లో. నేను చదివింది నేలల శాస్త్రం. రోహిణీ కార్తె ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని. అలాంటి నాకు వాళ్ళు అప్పగించిన విభాగం ఉత్తరాది మారుమూల ఊళ్ళలో ఆహారం పండించే పరిశోధనలు. ఉత్తరాది అంటే బోస్టన్ కాదు, అలాస్కా. రోడ్డు లేని ఊళ్ళు. కావలసినవన్నీ చిన్న విమానంలో రావాలి, మబ్బు పట్టిందంటే ఆ విమానమూ రాదు. వచ్చిన ఆకుకూర వడలిపోయి ఉంటుంది, ధర మాత్రం తాజాగా ఉంటుంది. ఆ ఊళ్ళవాళ్ళకు తమ తిండి తమకుంది. చేపలు, కారిబూ అనే జింక మాంసం, కొండల్లో దొరికే బెర్రీలు. కానీ ఇప్పుడు ఏట్లోకి చేపలు మునుపటిలా రావడం లేదు. మంచు ఎప్పుడు గట్టిపడుతుందో తెలియడం లేదు కాబట్టి వేట కూడా నమ్మకం లేనిదైపోయింది.

అలాంటి ఒక ఊరి కోసం ఒక యూనివర్సిటీవాళ్ళు మంచి ఆలోచనతో వచ్చారు. ఆ ఊరికి కరెంటిచ్చేది ఒక డీజిల్ ఇంజన్. అది నడుస్తున్నంతసేపూ బోలెడు వేడి వృథాగా ఆకాశంలోకి పోతుంది. ఆ వేడిని గొట్టాల ద్వారా పక్కనే ఒక గ్రీన్‌హౌస్‌లోకి మళ్ళించి, చలికాలంలో కూడా ఆకుకూరలు, ముల్లంగి పండించవచ్చా అన్నది పరిశోధన. కాగితం చదవగానే నాకు ముచ్చటేసింది. పట్టుబట్టి మొదటి ఏడాది నిధులు ఇప్పించాను. ఏడాది చివర ఫలితాలు చూసి మిగతా ఏళ్ళకు కొనసాగించాలా వద్దా అన్నది తేలుస్తారు.

ఏడాది చివర రిపోర్టు వచ్చింది. ఇంజన్ వేడి, గొట్టాల వేడి, నీళ్ళు, వెలుతురు, అన్నీ పొందికగా ఉన్నాయి. మొదటి కోత ఎంత బరువు వచ్చిందో రాయవలసిన చోట మాత్రం అంకె లేదు. "ఇచ్చేశాం" అని ఉంది. కింద చిన్న వివరణ. ఈ ఊళ్ళో మొదటి వేటను, మొదటి చేపను, మొదటి పంటను ఎవరూ ఇంట్లో ఉంచుకోరు, ఊళ్ళోని పెద్దవాళ్ళందరికీ ఇచ్చేస్తారు, అందువల్ల తూచలేదు.

సమీక్ష గదిలో నవ్వులు మొదలయ్యాయి. నవ్వనివాడు ఒక్కడే, మా సహోద్యోగి. ఆయన తనిఖీ విభాగం నుంచి మా దగ్గరికి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎండిన తాటిమట్టలా ఉండేవాడు. దరఖాస్తుదారుల చేతి మీదుగా కాఫీ కాదు కదా మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవాడు కాదు. ఎక్కడికి వెళ్ళినా ఇంటి దగ్గర చేసుకున్న పీనట్ బటర్ శాండ్‌విచ్‌లు కోటు జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఒక యూనివర్సిటీలో తాగక తప్పని నీళ్ళ సీసాకు ఆయన చెల్లించిన ఖరీదు ఏ ఖాతాలో జమ చేయాలో తెలియక వాళ్ళ ఆఫీసు అల్లాడిపోయింది.

"ఇచ్చేశాం అనేది కొలత కాదు" అన్నాడాయన. "ఇచ్చేముందు తూచవచ్చుగా?"

 అయినా వాదించాను. వాదించి వాదించి చివరికి సాధించింది ఏమిటంటే, మేమిద్దరం ఆ ఊరికి వెళ్ళి చూసి రావడం. మా దగ్గర చూసివచ్చినవాళ్ళు రాసే సిఫారసే దాదాపు తీర్పు. ఆయనను ఒప్పించగలనని నాకు నమ్మకం ఉండేది. మూడు విమానాలు మారి వెళ్ళేలోగా ఎవరి మనసైనా మెత్తబడుతుంది అనుకున్నాను.

ఆఖరి విమానం హైదరాబాదులో మా అల్వాల్ ఆటో కన్నా కాస్త పెద్దది, అంతే. కంకర నేల మీద దిగేసరికి గాలి చెంపలు వాయించింది. ప్రొఫెసర్ రావలసిన విమానం మబ్బుల వల్ల బయల్దేరలేదని అక్కడే తెలిసింది. మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి ఒక్కతే వచ్చింది. మోకాళ్ళ దాకా బురద బూట్లు, తల నిండా ఊలు టోపీ. నన్ను చూసి, టోపీ తీసి, ముఖమంతా నవ్వుతో పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ! మీరా? నన్ను గుర్తు పట్టిండ్రా?"

ప్రపంచం చివర నిలబడి ఉండగా తెలుగు వినిపిస్తే మనిషికి ఏమవుతుందో నాకు ఆ రోజు తెలిసింది. కళ్ళు చెమర్చాయి. దరఖాస్తులో ప్రొఫెసర్ పేరు తప్ప విద్యార్థుల పేర్లు ఉండవు, కాబట్టి ఈ పిల్ల సంగతి నాకు తెలిసే అవకాశమే లేదు.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనాంటీ, హెర్న్‌డన్‌ల మీ ఇంటికొచ్చిన. మా ఫ్రెండ్ మీ బేస్‌మెంట్‌ల రెంట్‌కుండె గదా, తనతోని. గోంగూర పప్పు పెట్టిండ్రు. పోయేటప్పుడు పెరుగు డబ్బాల సాంబార్ పోసిచ్చిండ్రు. ఆ డబ్బా ఇంకా నా దగ్గర్నే ఉంది!"

మా ఇంట్లో గోంగూర పప్పు తిని వెళ్ళిన పిల్లలందరినీ నేను గుర్తుపెట్టుకోవడం జరిగే పని కాదు. కానీ ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదని పెరుగు డబ్బా మాటతోనే అర్థమైంది.

మా సహోద్యోగి దగ్గరికి వచ్చాడు. "ఆవిడ మిమ్మల్ని ఆంటీ అంది. మీ మేనకోడలా?"

"కాదు. మావాళ్ళ పిల్లలు పెద్దవయసు ఆడవాళ్ళందరినీ అలాగే అంటారు."

తల ఊపాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మిగతాదంతా తెలుగులో జరిగింది. ఆ చుట్టుపక్కల తెలుగు తెలిసినది మా ఇద్దరికే. కానీ ఆయన, "చాలాసేపు మాట్లాడింది. ఇంకేమంటోంది?" అని మామూలుగా అడిగాడు. నేను మామూలుగానే చెప్పేశాను. మా ఇంటికి వచ్చిందట, భోజనం చేసిందట.

ఆయన ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. నియమం ఇద్దరికీ కంఠతా వచ్చు. దరఖాస్తుతో సంబంధం ఉన్న మనిషితో ఇంటి పరిచయం ఉంటే, ఆ ఫైలు మీద నోరు విప్పకూడదు, ఆ గదిలో కూర్చోకూడదు.

"రేపటి మీటింగ్‌లో మీరు ఉండడానికి వీల్లేదు" అన్నాడు. ఆ గొంతులో దురుసుతనం లేదు, నిజం చెప్పాలంటే కొంచెం బాధ కూడా ఉంది.

"నాకు తెలుసు" అన్నాను.

తెలుసు అనడం తేలిక. ఏడాదంతా ఆ పరిశోధన తరఫున మాట్లాడింది నేనొక్కదాన్నే. ఇప్పుడు తీర్పు చెప్పేది "కొలత కాదు" అన్న మనిషి, నేను గది బయట. ఆయన మీద కోపం వచ్చింది, నియమం మీద వచ్చింది, పాపం ఏమీ ఎరగని ఆ పిల్ల మీద కూడా వచ్చింది. చివరికి గోంగూర మీద కూడా వచ్చింది. మనవాళ్ళం ఇంతేనేమో, తలుపు తట్టినవాళ్ళందరికీ కంచం పెట్టి, ఆ తర్వాత ఎవరి విషయంలోనూ పరాయివాళ్ళం కాలేకపోతాం.

మాకు బడిలో చెరొక తరగతి గదిలో పడక ఏర్పాటు చేశారు. చీకటి పడకముందే ఆ పిల్ల వచ్చింది, విషయం ఎవరో చెప్పినట్టున్నారు. ముఖం పాలిపోయి ఉంది.

"సారీ ఆంటీ. నాకు తెల్వదు. నేనే ఖరాబ్ చేసిన."

"నువ్వేం చేశావమ్మా? అన్నం తినడం నేరమా?"

"రెన్యువల్ రాకుంటే నా అసిస్టెంట్‌షిప్ పోతది ఆంటీ. ఫీజు ఎట్ల కడ్త? ఇంకో ప్రొఫెసర్ దొరక్కపోతే ఎఫ్‌1 స్టూడెంట్ స్టేటస్ కూడ పోతది. నా సంగతి పక్కన పెట్టుండ్రి, ఈ గొట్టాలు, పంపు ఎవరు చూస్తరు? ఒక్క వారం బంద్ అయితే మొక్కలన్నీ గడ్డకట్టుకపోతయ్. మా ప్రొఫెసర్ సర్ ఫోన్ చేసి, అంచనా వేసి ఏదో ఒక నంబర్ చెప్పమన్నరు. ఏం చెయ్యాల్నో..."

చేయెత్తి ఆపాను. "దాని గురించి నాతో మాట్లాడకు తల్లీ. ఇక నేను ఏమీ చెప్పకూడదు."

ఆ పిల్ల నా వంక చూసిన చూపు నాకు చాలాకాలం మనసులోంచి పోలేదు. అన్నం తిన్నావా అని మాత్రం అడగగలిగాను. తిన్నానంది. తినలేదని తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న ఊరి సమావేశపు హాల్లో మీటింగ్. హాలు పక్కనే వంటగది. నన్ను అందులోకి పంపారు. అక్కడ ఊరి పెద్ద ఉంది. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, దిట్టంగా, కళ్ళజోడుకు దారం కట్టుకుని ఉంటుంది. ఊరి కౌన్సిల్ నడిపేది ఆవిడే, ఆ రోజు వంట చేసేదీ ఆవిడే. నేను ఎవరో, ఎందుకు బయట ఉన్నానో అడగలేదు. కత్తి చేతిలో పెట్టి ఉల్లిపాయలు నా ముందుకు తోసింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో చేపల సూప్ ఉడుకుతోంది. గ్రీన్‌హౌస్ నుంచి తెచ్చిన కేల్ అనే ఆకుకూర కట్టలు కడిగి పక్కన పెట్టి ఉన్నాయి.

వంటగదికీ హాలుకూ మధ్య వడ్డించడానికి ఒక కిటికీ. వినకూడదు కదా అని దాన్ని మూయబోయాను. చెక్క ఉబ్బిపోయి మూసుకోలేదు.

"అది చాలా ఏళ్ళుగా మూసుకోదు. ఇక్కడ ఎవరికీ ఆ అవసరం పడలేదు" అందావిడ.

అవతల ఆయన అడుగుతున్నాడు. "మొదటి కోత ఎంత వచ్చింది?"

"తెలియదు సర్."

"అంచనా? ఎన్ని ట్రేలు కోశారో తెలుసు కదా. ట్రేకి ఇంత అని వేసుకుంటే ఒక అంకె వస్తుంది. మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. నా పని తేలికవుతుంది. మీ పని కూడా."

ఇంత తేలికగా తలుపు తెరుస్తాడని నేను అనుకోలేదు. చెప్పవే తల్లీ, ఏదో ఒకటి చెప్పు, అని లోపల ఒకటే గోల పెట్టుకున్నాను. ఉల్లిపాయ తరగడం ఆపి కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"నేను తూచలేదు సర్. తూచినట్టు నేను రాయను."

"మీ ప్రొఫెసర్ అంచనా వేయమన్నారా?"

"అన్నారు."

"మరి?"

"ఆ రోజు ఇక్కడ ఉన్నది నేను. ఆయన కాదు."

 తర్వాత ఆయన రెండో కోత బరువు గురించి అడగడం, ఆ పిల్ల అంకెలు చెప్పడం వినిపించింది. ఆ చెప్పడంలో తడబాటు లేదు. ఆయన గొంతులో మాత్రం ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. అన్నేళ్ళు పక్క పక్క గదుల్లో పనిచేశాను కానీ ఆ మనిషి ఏమనుకుంటున్నాడో నాకు అప్పుడూ అంతుబట్టలేదు. అయిపోయింది అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నెపం ఉల్లిపాయల మీద పెట్టేశాను.

"త్రాసు నేనే తీసేయించాను" అంది ఊరి పెద్ద, సూప్ కలుపుతూ. "మొదటి కోత రోజున పాపం ఆ అమ్మాయి దాన్ని బల్ల మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది. ముసలివాళ్ళకు ఇచ్చేదాన్ని తూస్తే అది ఇవ్వడం ఎలా అవుతుంది, అమ్మినట్టు ఉంటుంది అన్నాను. మారు మాట్లాడకుండా లోపల పెట్టేసింది. దాని వల్ల తనకు ఇంత ఇబ్బంది వస్తుందని నాకు చెప్పలేదు. మీ అమ్మాయి మొండిది."

"మా అమ్మాయి కాదండీ."

"నీ ఇంట్లో తిన్నదట కదా?"

"ఒక్కసారి."

"మీ లెక్కలో ఎన్నిసార్లు తినాలి?"

ముందురోజు విమానం దిగాక నేను నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నానికి ఊళ్ళోని పెద్దవాళ్ళంతా వచ్చి పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. మొదటి కోత అందుకున్నది వీళ్ళే. ఊరి పెద్ద మొదటి గిన్నె నింపి తెచ్చి మా సహోద్యోగి ముందు పెట్టింది. తర్వాత మిగతా అందరికీ పెట్టింది. నాకూ పెట్టింది. నాకు ఇబ్బంది ఏముంది, నేను ఎప్పుడో మైలపడ్డాను.

ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. ఈ దరఖాస్తు మీద నిర్ణయం రాసి పంపేవరకు ఇక్కడ ఏమీ తినకూడదని మా నియమం, వాసన అద్భుతంగా ఉంది, దయచేసి ఏమీ అనుకోవద్దు. సిఫారసు మామూలుగా ఆఫీసుకు వెళ్ళాక, తీరిగ్గా రాస్తాం. ఆయన చెయ్యి అలవాటుగా కోటు జేబు వైపు వెళ్ళింది.

ఆవిడ వాదించలేదు. ఎదురుగా కూర్చుని తన చెంచా బల్ల మీద పెట్టేసింది. "అతిథి మొదలుపెట్టాకే మేం తింటాం. పరవాలేదు, ఆగుతాం" అంది.

బల్ల చుట్టూ ఉన్న ముసలివాళ్ళంతా చెంచాలు కింద పెట్టేశారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. అలా కూర్చున్నారు, అంతే. సూప్ మీద ఆవిరి లేస్తోంది. ఆ పిల్ల తలవంచుకుని నేల వంక చూస్తోంది. కోటు జేబులోకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆ శాండ్‌విచ్ బయటికి తీస్తే ఆ ఊరు మమ్మల్ని మళ్ళీ రమ్మనదు. ఆ సూప్ తాగితే, ముందురోజు నన్ను గది బయట నిలబెట్టిన నియమమే ఆయన్నీ నిలబెడుతుంది, ఇక ఆ ఫైలు మీద రాసే మనిషే ఉండడు. ఆ పిల్ల చదువు, ఆ గొట్టాలు, అన్నీ ఇంకో ఏడాదికి వెనక్కి పోతాయి.

ఆయన నా వంక చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఏం చేయమంటారు అన్నట్టు.

"నేను ఈ ఫైలు మీద మాట్లాడకూడదండీ" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా హాయిగా ఉంది, ఎందుకు దాచాలి.

ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. ఒట్టి చెయ్యే. గిన్నెను రెండు చేతులతో జాగ్రత్తగా పక్కకు జరిపి, సంచిలోంచి లాప్‌టాప్ తీసి తెరిచాడు. రెండు వేళ్ళతో టైపు చేసే మనిషి. ఆలోచించి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాడు. ఎవరూ కదల్లేదు. ఊరి పెద్ద మధ్యలో లేచి, చల్లారిన ఆయన గిన్నెను తీసుకెళ్ళి పొయ్యి మీది గిన్నెలో పోసి, వేడిది నింపి తెచ్చి మళ్ళీ పెట్టింది. ఆ ఊరి ఇంటర్నెట్‌కు మూడ్ కుదిరి ఆ కాగితం బయల్దేరేసరికి ఇంకోసారి కూడా అలాగే చేయవలసి వచ్చింది.

చివరికి లాప్‌టాప్ మూశాడు. "వెళ్ళిపోయింది. ఇక ఆ ఫైలుతో నాకు సంబంధం లేదు" అని చెంచా అందుకున్నాడు. బల్ల చుట్టూ చెంచాలన్నీ లేచాయి.

ఆయన తింటూ ఉండగా ఊరి పెద్ద అడిగింది, "ఏం రాశావు?"

"కొనసాగించమని రాశాను. ఒక షరతు పెట్టాను. ఏటా మొదటి కోత మా లెక్కలోకి రాదు. రిపోర్టులో అక్కడ ఏ అంకె కనిపించినా ఒప్పుకోం."

ఆ పిల్ల గభాలున లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నేను లేవబోతే ఊరి పెద్ద నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

మా సహోద్యోగి గిన్నె సగం ఖాళీ చేశాక ఆగాడు. జీవితమంతా లెక్కలు సరిచూసిన మనిషి, అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఒకవేళ వద్దని రాసి ఉంటే?"

ఆవిడకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"గిన్నె నీ ముందు పెట్టినప్పుడు నువ్వింకా ఏమీ రాయలేదు కదా" అంది.

 ఆయన గిన్నెను దగ్గరకు లాక్కున్నాడు.